వీడియోలు చేసేవాళ్లతో పొత్తుకు ముందు

ఉదయగిరి చెక్క గరిటెలైనా, ఒంగోలులో ఇంట్లో పెట్టిన పచ్చళ్లయినా, సరుకు మీది, వీడియో వాళ్లది, అమ్మకంలో వాటా అనుకుంటే ముందే ఇవి చూసుకోండి.

సబ్‌స్క్రైబర్ల సంఖ్యకు మురిసిపోవద్దు. చివరి పది వీడియోల వ్యూస్ చూడండి. లక్ష మంది ఉన్న ఛానల్‌కు మూడొందల వ్యూసే వస్తుంటే వదిలేయండి. యూట్యూబ్ స్టూడియో (ఛానల్ నడిపేవాళ్లకు వ్యూస్, ఆదాయం చూపే యాప్) లెక్కలు స్క్రీన్‌షాట్‌లో కాదు, వాళ్ల ఫోన్‌లోనే తెరిచి చూపమనండి.

గొడవలన్నీ కమిషన్ దగ్గరే. ఒక్కో క్రియేటర్‌కు వేరే కూపన్ కోడ్ ఇవ్వండి, లేకపోతే ఏ అమ్మకం ఎవరిదో తేలదు. ఆర్డర్ పడగానే కాదు, రిటర్న్ గడువు దాటాకే చెల్లిస్తామని రాసుకోండి. క్యాష్ ఆన్ డెలివరీలో 100 పార్సిళ్లకు 20 వెనక్కొస్తే కమిషన్ 80కే; రానుపోను కొరియర్ ఖర్చు మాత్రం మీ నెత్తినే. వాటా అమ్మకం ధర మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? ఈ ఒక్క మాట రాయకే చాలా పొత్తులు చెడతాయి.

ఛానల్‌నే కలిసి నడిపితే యాడ్‌సెన్స్ డబ్బు (వీడియోల మీద ప్రకటనలకు గూగుల్ ఇచ్చేది) ఒకే ఖాతాలో పడుతుంది, అదీ 100 డాలర్లు చేరాకే. పంపకం మీరే రాసుకోవాలి. పాస్‌వర్డ్ ఇవ్వకండి, ఛానల్ పర్మిషన్స్‌లో ఎడిటర్‌గా చేర్చండి.

పచ్చళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. వీడియోకు ‘పెయిడ్ ప్రమోషన్’ టిక్ పెట్టించండి. ‘షుగర్ తగ్గుతుంది’ లాంటి మాటలు వద్దు: తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. సినిమా పాటలూ వద్దు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (వేరేవాళ్ల పాట, వీడియో వాడినందుకు యూట్యూబ్ హెచ్చరికలు) పడితే ఛానలే పోవచ్చు.

‘వీడియోలకు లైక్ కొడితే డబ్బు, ముందు డిపాజిట్ కట్టండి’ అన్నారా, మోసమే. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.