గ్రిడ్ లీక్ డిటెక్టర్: వాల్వు మార్చే ముందు చూడవలసినవి

గ్రిడ్ లీక్ డిటెక్టర్ అంటే రేడియో సంకేతం నుంచి శబ్దాన్ని వేరుచేసే వలయం. అందులో 1920ల నాటి 01ఏ ట్రయోడుతో (ఎలక్ట్రాన్లను వెదజల్లే ఫిలమెంటు, వాటిని అందుకునే ప్లేటు, మధ్యలో ఆ ప్రవాహాన్ని అదుపుచేసే గ్రిడ్ ఉన్న వాల్వుతో) నడిచే రేడియో మొరాయించగానే అందరూ ముందు వాల్వునే అనుమానిస్తారు. ఆ వాల్వులు ఇప్పుడు దొరకడమే కష్టం కనుక, గ్రిడ్ దగ్గరి చిన్న భాగాలను పరీక్షించకుండా దాని జోలికి వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

సమస్య: స్టేషను క్షణం వినిపించి, గొంతు నొక్కినట్లు ఆగిపోతుంది, లేదా హెడ్‌ఫోనులో టక్కు టక్కుమని చప్పుడు వస్తుంది.

కారణం: సంకేతం సుమారు 250 పికోఫారడ్ల కెపాసిటర్ గుండా గ్రిడ్‌ను చేరుతుంది. అది ధన దిశలోకి వెళ్లిన ప్రతిసారీ గ్రిడ్ కొన్ని ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. అంటే గ్రిడ్, ఫిలమెంటు కలిసి, 1904లో ఫ్లెమింగ్ రూపొందించిన, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడు వలెనే పనిచేస్తాయి. అలా పోగైన రుణావేశం మాటల హెచ్చుతగ్గులను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటే, ప్లేటు కరెంటు కూడా అదే తీరున మారి మనకు శబ్దం వినిపిస్తుంది. ఆ ఆవేశం కారిపోవడానికి ఉన్న దారి గ్రిడ్‌కు కలిపిన లీక్ రెసిస్టరు (పెద్ద నిరోధకం) ఒక్కటే. అది తెగితే గ్రిడ్ మరీ రుణాత్మకమై ప్లేటు కరెంటును అడ్డుకుంటుంది.

పరిష్కారం: బ్యాటరీలు విప్పి, రెసిస్టరు ఒక కొసను విడదీసి కొలవాలి. రెండు చేతుల వేళ్లూ ప్రోబుల లోహానికి తగిలితే మీటరు శరీర నిరోధాన్ని చూపి, తెగిన రెసిస్టరు కూడా బాగున్నట్లు భ్రమ కలుగుతుంది. 2 మెగా ఓముల పాత రెసిస్టరు 10 చూపితే మార్చక తప్పదు. 01ఏ విషయంలో గ్రిడ్ రిటర్న్ తీగ (గ్రిడ్ వలయాన్ని ఫిలమెంటుకు కలిపే తీగ) ఫిలమెంటు ధన కొసకు చేరిందో లేదో కూడా చూడాలి.

సమస్య: అన్ని స్టేషన్లూ నీరసంగా వినిపిస్తాయి.

గ్రిడ్ కెపాసిటర్ లోలోపల లీకవుతున్నా, వాల్వు సాకెట్టు మీద తేమ, దుమ్ము పేరుకున్నా ఆవేశం నిలవదు. సాకెట్టును తుడిచి ఆరబెట్టి, మంచి మైకా కెపాసిటర్ వేయాలి.

సమస్య: దగ్గరి స్టేషను మాత్రమే గరగరలాడుతుంది.

సంకేతం మితిమీరింది. యాంటెన్నా కాయిలును కాస్త దూరం జరపాలి. ప్లేటుకు 45 వోల్టులు చాలు.

సమస్య: రీజనరేషన్ (ప్లేటు వైపు సంకేతంలో కొంత మళ్లీ గ్రిడ్‌కు పంపి బలపరచడం) పెంచితే శబ్దం తగ్గుతుంది.

ఆ పని చేసే టిక్లర్ కాయిలు కొసలు తారుమారయ్యాయి. వాటిని మార్చి కలపాలి. ఆ తర్వాత కూత వస్తే రీజనరేషన్‌ను వెంటనే తగ్గించాలి, ఎందుకంటే ఆ స్థితిలో మన సెట్టే తరంగాలను వెదజల్లి పొరుగు రేడియోలను చెడగొడుతుంది.

సమస్య: అసలు శబ్దమే లేదు.

గ్రిడ్ కొసను వేలితో తాకినప్పుడు టప్పుమనే చప్పుడో, హమ్మో వినిపిస్తే వాల్వు బతికే ఉంది. లోపం కాయిలులోనో యాంటెన్నాలోనో ఉంది. ఏమీ వినిపించకపోతే ఫిలమెంటుకు 5 వోల్టులు, ప్లేటుకు దాని వోల్టేజీ అందుతున్నాయో, హెడ్‌ఫోను తీగ తెగిందో చూసి, ఆ తర్వాతే వాల్వును సాకెట్టు నుంచి తీయాలి.