పశుహింస చట్టాన్ని మన రాష్ట్రంలో గట్టి చేయించడం ఎలా?

గోదావరి లంక గ్రామంలో గాటికి కట్టేసిన గేదెకు మేతా నీళ్లూ పెట్టకుండా మాడుస్తుంటే, పోలీసులు నేరుగా కేసు కట్టలేరు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం అది నేరమే. కానీ మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు సాగదు. తొలిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! కోడిపందేల బరి నిర్వహించినా, పశువును క్రూరంగా చంపినా నేరుగా కేసు పెట్టొచ్చు. బతికుండగా మాడ్చేవాళ్లకే ఈ వెసులుబాటు. మార్పించాల్సింది దీన్నే.

1. ఆధారాలు కూడగట్టండి. తేదీ, చోటు తెలిసేలా ఫొటోలు తీయండి. పశువైద్యాధికారి చేత పశువు స్థితి రాతపూర్వకంగా తీసుకోండి. ఘటన జరిగిన 3 నెలల్లోపే ప్రాసిక్యూషన్ (కోర్టులో నేర విచారణ చర్య) మొదలవ్వాలి (36వ సెక్షన్). ఈ గడువు దాటితే ఫిర్యాదు వీగిపోతుంది. తర్వాత జిల్లా ఎస్పీ కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడేళ్లలో 11వ సెక్షన్ కింద ఎన్ని కేసులు, ఎంత జరిమానా పడిందో స్టేషన్లవారీగా అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

2. ముసాయిదా రాయండి. "కఠిన చట్టం కావాలి" అనే వినతిపత్రం ఫైల్లోనే ఉండిపోతుంది. ఒక కాగితంపై రెండు గడులు గీసి, ఎడమవైపు ఇప్పటి సెక్షన్, కుడివైపు కోరే మాటలు రాయండి. కొట్టడం (11(1)(ఎ)), మేత, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం (11(1)(హెచ్)) నేరుగా కేసు కట్టగల నేరాలు కావాలి. జరిమానా వేలల్లో ఉండాలి. మన గోదావరి డెల్టాకు మరొకటి తప్పనిసరి: ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక (10 లక్షల క్యూసెక్కులు) వెలువడ్డాక, వీలుండీ పలుపు విప్పకుండా పశువును వదిలిపోతే నేరమని రాయించాలి. వరద నీళ్లలో కట్టుతాడుతోనే చచ్చిపోవడం కంటే ఘోరం లేదు.

3. ఎమ్మెల్యేను కలవండి. "అది కేంద్ర చట్టం కదా" అంటారు. జంతుహింస నివారణ, కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయగల రాజ్యాంగ ఉమ్మడి జాబితాలో 17వ అంశమని చూపండి. ఇదే చట్టాన్ని తమిళనాడు 2017లో జల్లికట్టు కోసం సవరించుకుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సడలించడానికి తెరిచిన తలుపు గట్టి చేయడానికీ తెరవొచ్చు. కాగితం ప్రతిని పశుసంవర్ధక శాఖ మంత్రికీ ఇవ్వండి. ప్రభుత్వమే బిల్లు పెడితే గట్టెక్కే అవకాశం ఎక్కువ.

4. చివరి మెట్టు మరవకండి. శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ రాష్ట్రపతి పరిశీలనకు పంపాలి. రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం లేకుంటే, రెండూ పొసగని చోట కేంద్ర చట్టానిదే పైచేయి, పాత 50 రూపాయలే మిగులుతాయి. ఈ మాట వినతిపత్రంలోనే రాసివ్వండి.