‘నేరము - శిక్ష’ చదువుదాం: 3వ పాఠం - ఇవానొవ్నా ఇంటిపేరు కాదు

పోయినసారి దొస్తొయెవ్‌స్కీ రాసిన ఈ రష్యన్ నవల మొదటి భాగం 7 అధ్యాయాలూ చదవమన్నాం. చాలామంది 3వ అధ్యాయంలో, కథానాయకుడు రస్కోల్నికొవ్‌కు తల్లి రాసిన ఉత్తరం దగ్గర ఆగిపోయారు. ఉత్తరం పొడవే, కానీ ఆపింది పొడవు కాదు, పేర్లు. రెండో భాగం వచ్చే వారం మొదలుపెడదాం. ముందు ఈ ముడి విప్పాలి.

మనకు ఇంటిపేరు ముందుంటుంది, రష్యన్లకు చివర. నడుమ ఉండేది తండ్రి పేరు: కొడుక్కి ‘-ఒవిచ్’, కూతురికి ‘-ఒవ్నా’. రోమన్ కొడుకు రొదియోన్ రొమానొవిచ్, కూతురు అవ్దోత్యా రొమానొవ్నా. రస్కోల్నికొవ్ ఇంటిపేరు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు మారుతుంది కానీ తండ్రి పేరు మారదు.

ఈ నడిమి మాటను ఇంటిపేరనుకుంటే లేని చుట్టరికాలు పుట్టుకొస్తాయి. అవ్దోత్యాకు కుదిరిన పెళ్ళికొడుకు ప్యోతర్ పెత్రోవిచ్ లూజిన్, దర్యాప్తు అధికారి పొర్ఫీరీ పెత్రోవిచ్, పోలీసు స్టేషన్లో కేకలేసే ఇల్యా పెత్రోవిచ్, అవ్దోత్యా పనిచేసిన ఇంటి యజమాని స్విద్రిగైలొవ్ భార్య మార్ఫా పెత్రోవ్నా. నలుగురి తండ్రుల పేరూ ప్యోతరే, అంతమాత్రాన ఒకే తండ్రి బిడ్డలు కారు. లూజిన్ మార్ఫాకు దూరపు బంధువే, కానీ ఆ సంగతి ఈ నడిమి మాట చెప్పదు. గుంటూరులో సుబ్బారావు అనే పేరున్నవాళ్ళ పిల్లలంతా ఒకే ఇంటివాళ్ళా? ఇంకో తిరకాసు: వడ్డీ వ్యాపారి అల్యోనా ఇవానొవ్నా, లిజవేతా ఇవానొవ్నా నిజంగానే ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. కతెరీనా ఇవానొవ్నాకు మాత్రం వాళ్ళతో ఏ చుట్టరికమూ లేదు. సోఫియా సెమ్యోనొవ్నా అన్నప్పుడు ‘సెమ్యోన్ కూతురు’ అని చదవండి. తాగుబోతు మార్మెలాదొవ్ పేరు సెమ్యోన్, కతెరీనా ఆమెకు సవతి తల్లి.

పేరు, తండ్రి పేరు కలిపి పిలిస్తే మన ‘గారు’ చేర్చినట్టే. రొదియోన్‌కు రొద్యా, అవ్దోత్యాకు దున్యా, సోఫియాకు సోన్యా ముద్దుపేర్లు; రాజేశ్వరిని రాజీ అన్నట్టు. దూనెచ్కా అంటే ఇంకాస్త గారాబం.

పుస్తకం వెనక పెద్ద పట్టిక రాసుకోవడం నాకు నచ్చదు, మాటిమాటికీ పేజీలు తిప్పాలి. పోస్టుకార్డంత అట్టముక్క మీద 9 మందినే రాసి పేజీ గుర్తుగా పెట్టుకోండి. ఒక్కొక్కరికి ఒక్క వరుస: పేరు, తండ్రి పేరు, ముద్దుపేరు, ఎవరికి ఏమవుతారు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత ప్రతి కొన్నవాళ్ళు తమ అనువాదంలోని స్పెల్లింగే రాసుకోవాలి, లేకపోతే కార్డు పనికిరాదు.

అభ్యాసం: ఆ ఉత్తరాన్ని గుంటూరు తల్లి హైదరాబాదులో చదువుకునే కొడుక్కి రాసినట్టు 2 పేజీల్లో తిరగరాయండి. కూతుర్ని ఏమని రాస్తుంది, కాబోయే అల్లుణ్ణి ఏమని రాస్తుంది, ఎక్కడ ‘గారు’ పెడుతుంది? మూల ఉత్తరంలో లూజిన్ మొదటినుంచీ ప్యోతర్ పెత్రోవిచే, కూతురు మాత్రం దున్యానో దూనెచ్కానో. మీ ఉత్తరంలోనూ ఆ తేడా వినబడాలి.