పియానో మొదట్లో పెట్టే చిక్కులు: కారణం ఏమిటి, ఎలా సరిచేసుకోవాలి?

ఇంట్లో 61 కీల కీబోర్డు పెట్టుకుని మొదలుపెట్టినవాళ్లు ఏ ఇబ్బంది వచ్చినా తమ వేళ్లనే తిట్టుకుంటారు. చాలాసార్లు తప్పు కుర్చీదో, నొక్కి మరిచిపోయిన బటన్‌దో అయి ఉంటుంది. అందుకే ముందు వాటి సంగతి చూద్దాం.

పాఠంలో చెప్పిన కీలే నొక్కుతున్నా శ్రుతి వేరేగా ఉంది

ట్రాన్స్‌పోజ్ (మొత్తం కీల శ్రుతిని పైకో కిందికో జరిపే సెట్టింగ్) ఎవరో మార్చి వదిలేశారు. డిస్‌ప్లేలో 0 వచ్చేలా పెట్టండి.

కర్ణాటక సంగీతం వచ్చినవాళ్లకు ఇంకో తికమక ఉంటుంది. మన ‘స’ను ఏ కీ మీదైనా పెట్టుకోవచ్చు, పియానో పాఠంలో ‘సి’ మాత్రం కదలదు. జంటగా ఉన్న రెండు నల్ల కీలకు ఆనుకుని ఎడమపక్కన ఉండే తెల్ల కీ ఎప్పుడూ ‘సి’యే. అక్కడినుంచి వరసగా తెల్ల కీలు వాయిస్తే శంకరాభరణం స్వరాలు పలుకుతాయి. సరళీ స్వరాల మాయామాళవగౌళ కావాలంటే రి, ధ రెండూ నల్ల కీల మీదికి వెళ్తాయి.

ఎడమవైపు ఒక్క కీ నొక్కితే వాద్యబృందం మొత్తం మోగుతోంది

స్టైల్ (డ్రమ్స్, ఇతర వాద్యాల తోడును కీబోర్డే వాయించే సదుపాయం) ఆన్‌లో ఉంది. ఆపేయండి. నేర్చుకునే రోజుల్లో దాని జోలికి వెళ్లకపోతేనే మంచిది, మన తాళం తప్పుల్ని అది కప్పేస్తుంది.

పెడల్ తొక్కితే స్వరం ఆగుతోంది, వదిలితే సాగుతోంది

మామూలుగా పెడల్ తొక్కితేనే స్వరం సాగాలి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఎలా ఉందో చూసి, అదే వదిలిన స్థితి అనుకుంటాయి. ఆఫ్ చేసి, పెడల్ మీదనుంచి కాలు తీసి, మళ్లీ ఆన్ చేయండి.

మణికట్టు లాగేస్తోంది

కీబోర్డు మంచం మీదో డైనింగ్ టేబుల్ మీదో ఉందా? మోచేయి దాదాపు కీల ఎత్తుకు రావాలి. కుర్చీ పొట్టిగా ఉంటే మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగి నొప్పి పుడుతుంది. కింద గట్టి దిండు వేసినా చాలు. నొప్పి మొదలైతే ఆ పూటకు ఆపేయండి, పంతానికి పోవద్దు.

స్కేల్ (స్వరాల వరస) నాలుగో స్వరం దగ్గర తెగిపోతోంది

పియానోలో బొటనవేలు 1, చిటికెనవేలు 5. వయొలిన్ నేర్చినవాళ్లకు చూపుడువేలే 1 కాబట్టి ముందు ఆ అలవాటు పోవాలి. స్వరాలు ఎనిమిది, వేళ్లు ఐదే. అందుకే సి స్కేల్‌లో కుడిచెయ్యి 1-2-3 తర్వాత బొటనవేలు కిందుగా దూరి మళ్లీ 1 అవుతుంది. 3 మోగాక బొటనవేలిని విసిరితే స్వరం తెగుతుంది. 2 మోగుతుండగానే అది లోపలికి కదలడం మొదలుపెట్టాలి. ఎడమచెయ్యి పైకి వెళ్లేటప్పుడు 5-4-3-2-1 వాయించి, బొటనవేలి మీదుగా 3 దాటుతుంది.

విడివిడిగా వస్తున్నాయి, రెండు చేతులూ కలిపితే గందరగోళం

అందరూ ఎక్కువగా టెన్షన్ పడేది ఇక్కడే. ‘విడిగా వచ్చింది’ అనుకున్నది నిజంగా వచ్చి ఉండదు. ఒక పరీక్ష పెట్టుకోండి: ఎడమచెయ్యి ఒక్కటే వాయిస్తూ ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు’ అని పైకి లెక్కపెట్టండి. నోరు ఆగినా చెయ్యి ఆగినా ఇంకా కలపకూడదు.

పాసైతే పాట మొత్తం కాదు, రెండే బార్‌లు (ఒక్కో తాళం చుట్టు ఒక బార్) తీసుకోండి. ముందు కీల జోలికి పోకుండా ఆ లయను రెండు చేతులతో టేబుల్ మీద కొట్టండి. ఏ చెయ్యి ఎప్పుడు ఒంటరిగా పడుతుందో, ఎప్పుడు రెండూ కలిసి పడతాయో అప్పుడు తెలుస్తుంది. తర్వాత మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ చూపే సాధనం) 50 దగ్గర, అంటే నిమిషానికి 50 బీట్లకు పెట్టి వాయించండి. అదీ వేగమనిపిస్తే ఇంకా తగ్గించండి, సిగ్గేమీ లేదు.

తప్పు పడిన ప్రతిసారీ మొదటికి వెళ్లొద్దు. అలా చేస్తే మొదటి లైను అద్భుతంగా వస్తుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తడబడిన చోటికి ఒక బీట్ ముందునుంచి ఎత్తుకుని, ఒక బీట్ తర్వాత ఆపండి.

అసలు పియానో దగ్గర కూర్చుంటే వేళ్లు ఆడటం లేదు

88 కీల పియానోలో ప్రతి కీ ఒక సుత్తిని కదిలించాలి, అందుకే బరువు. మామూలు కీబోర్డుల్లో ఆ బరువు ఉండదు. మీదాంట్లో టచ్ రెస్పాన్స్ (నొక్కిన తీరును బట్టి శబ్దం తగ్గి పెరిగే సదుపాయం) ఉంటే ఆన్ చేసి, మెల్లగా, గట్టిగా నొక్కడంలో తేడా వినడం అలవాటు చేసుకోండి. దానితో బరువు రాదు కానీ చెవి సిద్ధమవుతుంది. పియానో గ్రేడ్ పరీక్షల ఆలోచన ఉంటే వెయిటెడ్ (అసలు పియానోలా బరువుండే) కీలున్న డిజిటల్ పియానోకు మారడమే దారి.