నెల్లూరులో కట్టడాల కేసులు చేయాలనుకునే జూనియర్ లాయర్లకు

వి.ఆర్. లా కాలేజీ నుంచి బయటికొచ్చి సీనియర్ల దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: భూమి తగాదాలు, చెక్ బౌన్స్‌లు కాకుండా ఇంకేదైనా చేయొచ్చా మేడమ్ అని. చేయొచ్చు. మినీ బైపాస్ వెంబడి, మాగుంట లేఅవుట్‌లో, అటు ఒంగోలులో ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో చూడండి. చెమ్మ, పగుళ్లు, బిల్లు బకాయిలు ఉన్నంతకాలం ఈ పని ఉంటుంది. అయితే సెక్షన్లతో కాకుండా సైటుతో మొదలుపెట్టండి.

క్లయింట్ వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూసి నోటీసు రాయొద్దు. టేపు, టార్చి పట్టుకుని ఇంటికి వెళ్లండి. నమ్మకమైన సివిల్ ఇంజినీరును, దొరికితే పాత మేస్త్రీని కూడా వెంట తీసుకెళ్లండి. బీము, ఇటుక గోడ కలిసేచోట అడ్డంగా వచ్చే సన్నని గీత చాలావరకు ప్రమాదం కాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోతూ వెడల్పయ్యే పగులు కనిపిస్తే పునాది ఒకవైపు కుంగిందేమో చూడాలి, నల్లరేగడి నేలైతే మరీ. శ్లాబు అడుగున కమ్మీ వెంబడే పగులు, దాని పక్కన గోధుమరంగు మరక ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే.

పగులు ఉందని అవతలి లాయరూ ఒప్పుకుంటాడు. అది ఎందుకొచ్చిందన్నదే అసలు తగాదా. సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక అపార్ట్‌మెంట్‌లో కట్టిన కొద్ది ఏళ్లకే శ్లాబు పెచ్చులూడి కమ్మీలు బయటపడ్డాయి. ఫ్లాట్ల వాళ్ల తరఫున నేను వెళ్లాను. సముద్రపు గాలికి నన్నేం చేయమంటారు అన్నది బిల్డర్ వాదన. అక్కడ పనిచేసిన మేస్త్రీని వెతికి పట్టుకుంటే, "ఆ బోరు నీళ్లు నోట్లో పోసుకోలేమమ్మా, అంత ఉప్పు. వాటితోనే కాంక్రీటు కలిపాం" అన్నాడు. మాట ఒక్కటే సరిపోదు కదా. శ్లాబులో వేర్వేరు లోతుల నుంచి కాంక్రీటు పొడి తీయించి ల్యాబ్‌కు పంపాం. ఉప్పు గాలి నుంచి వచ్చి ఉంటే పైపొరలో ఎక్కువగా, లోపలికి పోయేకొద్దీ తక్కువగా ఉండాలి. మా నమూనాల్లో పైనా లోపలా దాదాపు ఒకే మోతాదు. అంటే ఉప్పు కలిపేటప్పుడే లోపలికి పోయింది. ఆ రిపోర్ట్ చేతికొచ్చాక కేసు నడకే మారిపోయింది.

ఇంకో మాట. ఇలాంటి కేసు పట్టే ప్రతి ఒక్కరూ కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 కొని దగ్గర పెట్టుకోవాలి. ఆర్‌సీసీకి, అంటే కమ్మీ వేసిన కాంక్రీటుకు, వాడే నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు బలం ఉండాలని, కమ్మీ మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే కప్పే కాంక్రీటు పొర, ఉండాలని అందులో ఉంది. కాబట్టి సముద్రపు గాలి అని బిల్డర్ అన్నాడంటే, ఆ గాలికి తగ్గట్టు ఎందుకు కట్టలేదన్న ప్రశ్న క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీదే.

ఇక తేదీలు. ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి 5 ఏళ్లలోపు చూపించిన లోపాన్ని బిల్డర్ తన ఖర్చుతో 30 రోజుల్లో సరిచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ చెబుతుంది. కానీ 500 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు 75 అంకణాలు మించని స్థలంలో కట్టినవాటికి, 8 ఫ్లాట్లు మించనివాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన ఊళ్లో అలాంటివి చాలా ఉన్నాయి. వాటికి జిల్లా వినియోగదారుల కమిషన్ మంచి దారి: చెల్లించిన ధర 50 లక్షలు మించకూడదు, తగాదాకు కారణం తలెత్తిన 2 ఏళ్లలోపు వేయాలి. తగాదాను కోర్టు బయట ఆర్బిట్రేటరే తేల్చాలన్న ఆర్బిట్రేషన్ క్లాజ్ ఒప్పందంలో ఉన్నంత మాత్రాన ఆ తలుపు మూసుకుపోదు.

సివిల్ కోర్టులో వేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద, కోర్టు తరఫున సైటు చూసొచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను అడగండి. కమిషనర్ కంటికి కనిపించింది రాస్తారు, కారణం తేల్చలేరు. అందుకే ఇంజినీరు సాయం కూడా పిటిషన్‌లోనే కోరాలి. కమిషనర్‌కు ఇచ్చే వర్క్ మెమోలో ఏ గది, ఏ గోడ, ఏ కొలత అన్నది విడివిడిగా రాసివ్వండి. ఫోన్ ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63 సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి.

కాంట్రాక్టర్ల బిల్లు తగాదాలు వేరే రకం. కట్టడం ఒప్పందం విలువ 3 లక్షలు, ఆపైన ఉంటే అది కమర్షియల్ తగాదా. అత్యవసర ఉత్తర్వు అవసరం లేనప్పుడు కేసు వేసే ముందు మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) వెళ్లాల్సిందే. 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పులో సుప్రీంకోర్టు అది తప్పనిసరి అంది. ప్రతివాది తరఫున ఉంటే సమన్లు అందిన 120 రోజుల తర్వాత రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) తీసుకోరు, కాబట్టి సమన్ల తేదీని డైరీలో ఎర్రసిరాతో రాయండి. ప్రభుత్వ పనైతే చేసిన పని కొలతలు రాసే ఎమ్-బుక్ నకలు సంపాదించడమే సగం పని.

ఫీజు దశలవారీగా తీసుకోండి. గెలిస్తే ఇంత వాటా అని మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం.

ఈ కేసుల్లో రాజీలు ఎక్కువ. అప్పుడు రాజీ మెమోలో "బిల్డర్ రిపేరు చేయిస్తాడు" అని ఒక్క ముక్క రాసి సంతకాలు పెట్టించకండి. పైన సిమెంటు పూస్తే వానాకాలానికి మళ్లీ ఊడుతుంది, ఆ ఇంట్లో పిల్లలు పడుకునేది ఆ శ్లాబు కిందే. పాడైన కాంక్రీటును కమ్మీ వెనకవరకు కొట్టేయాలని, ఏ సరుకు వాడాలని, ఎన్నాళ్లలో ముగించాలని, ఏ ఇంజినీరు చూసి సరేననాలని, ముగించకపోతే ఎంత కట్టాలని, అన్నీ రాయించండి.