గోదావరి లంకల్లో ఇన్‌స్టంట్ టెంటు: వానకు, గాలికి ఎక్కడ దెబ్బతింటుంది, ఏం చేయాలి

పెట్టె మీద 'రెండు సెకన్లు', 'ఒక నిమిషం' అని రాస్తారు. అది ఫ్రేము విచ్చుకోవడానికి పట్టే సమయం మాత్రమే. మేకులు దిగ్గొట్టి, తాళ్లు బిగించి, పైగుడ్డ సర్దేసరికి ఇంకో పావుగంట పడుతుంది. వాననీ గాలినీ ఆపేది ఆ పావుగంట పనే. అందుకే అంతర్వేది ఇసుకలోనో, లంక గట్టునో కుటుంబంతో పడుకోవడానికి టెంటు కొనేవాళ్లు సెకన్లు లెక్కపెట్టడం మాని, తాళ్లు కట్టుకునే చోట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. కింద ఒక్కో ఇబ్బందితో పాటు, దాన్ని కొనేటప్పుడే ఎలా తప్పించుకోవచ్చో కూడా చెప్పాం.

తెల్లారేసరికి లోపలంతా తడి

ఎక్కువమంది 'టెంటు కారుతోంది' అనేది దీన్నే. సగం సందర్భాల్లో అది కారడం కాదు. ముందు తడి ఎక్కడుందో చూడండి. పైగుడ్డ లోపలి వైపంతా సన్నటి చెమటలా పట్టి ఉంటే అది మన ఊపిరి. కుట్ల వెంబడి గీతలా దిగుతుంటే సీమ్ టేపు (కుట్ల మీద నీళ్లు దిగకుండా అతికించే పట్టీ) పోయింది. మూలల్లో, చాప కింద మడుగు కట్టి ఉంటే నీళ్లు నేల నుంచి వచ్చాయి. వాన పడని రాత్రి కూడా గోడలు తడిగా ఉంటే ఇక అనుమానమే లేదు, అది చెమటే.

*చెమట.* ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరితో, చర్మం మీదుగా సుమారు పావు లీటరు నీరు వదులుతాడు. నలుగురు పడుకుంటే లీటరు. డెల్టా గాలిలో అసలే ఉక్క, ఆ తేమ బయటికి పోయే దారి లేక చల్లబడిన గుడ్డకు పట్టి బొట్లుగా రాలుతుంది. వాన భయంతో కిటికీలన్నీ మూసేస్తే ఇంకా పెరుగుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు పై గవాక్షాలూ వానలో కూడా తెరిచే ఉంచండి. పైగుడ్డ అంచు నేలను తాకకుండా జానెడు ఎత్తులో నిలిచేలా తాళ్లు కట్టండి. తడి బట్టలు, తడి చెప్పులు లోపల పెట్టకండి. డిసెంబరు, జనవరి మంచు కురిసే రాత్రుల్లో బయటి గాలే తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఇవన్నీ చేసినా కొంత చెమట పడుతుంది, పొడిగుడ్డతో తుడుచుకోవడమే.

కొనేటప్పుడు: ఒకే పొర టెంటు వద్దు. లోపలి గది పైభాగం జాలీగా ఉండి, దాని మీద విడిగా పైగుడ్డ నేలకు జానెడు ఎత్తు దాకా దిగాలి. టోపీలా నెత్తిమీద మాత్రమే కప్పే పైగుడ్డ ఎండాకాలానికి సరిపోతుంది, ఈదురుగాలితో ఏటవాలుగా కొట్టే జల్లుకు పనికిరాదు.

*కుట్లు.* సూది వేసిన ప్రతి చిల్లూ నీటికి దారే. కుట్టు లోపలివైపు అతికించిన టేపును వెలుతురుకు ఎత్తి చూడండి. ఎక్కడైనా తెల్లబడి, బుడగలెత్తి, అంచు లేచి ఉంటే అక్కడే కారుతుంది. ఊడిన ముక్క పీకేసి, స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, సీమ్ సీలర్‌ను (కుట్టు చిల్లులు మూసే జిగురును) సన్నటి కుంచెతో కుట్టు మీద, ఇరువైపులా అర సెంటీమీటరు మేర పూయండి. ఒక రోజంతా ఆరాకే మడవాలి. ఒక్క జాగ్రత్త: పీయూ (పాలీయురెథేన్) పూత గుడ్డకు పీయూ సీలర్, సిలికాన్ పూత గుడ్డకు సిలికాన్ సీలరే. సిలికాన్ మీద ఇంకేదీ అంటుకోదు, వారంలో పొరలా ఊడొస్తుంది.

*వదులు.* నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిర్రుగా ఉన్న పైగుడ్డ అర్ధరాత్రికి వేలాడి లోపలి గోడకు తగులుతుంది, తగిలిన చోట నీరు ఇవతలికి వచ్చేస్తుంది. వాన మొదలైన అరగంటకు ఒకసారి లేచి తాళ్లు మళ్లీ బిగించండి. పాలియెస్టర్‌కు ఈ బెడద తక్కువ, వానాకాలానికి అదే మేలు.

*నేల.* కింద పరిచిన బరకం టెంటు కన్నా వెడల్పుగా బయటికి కనిపిస్తుంటే పైగుడ్డ మీంచి జారిన నీళ్లన్నీ దాని మీదే పడి, టెంటుకూ బరకానికీ మధ్య చేరతాయి. బరకాన్ని నాలుగు వైపులా టెంటు అంచుకన్నా నాలుగైదు వేళ్లు లోపలికి మడవండి. ఈ ఒక్క పనితో పోయే తడి అంతా ఇంతా కాదు. టెంటు అడుగుగుడ్డ కూడా తొట్టిలా గోడల మీదికి జానెడు లేచి ఉండాలి.

గుడ్డ ఎంత నీటిని ఆపుతుందో, అంటే దాని మీద ఎంత ఎత్తు నీళ్లు నిలిచినా కారదో, మిల్లీమీటర్లలో రాస్తారు. పైగుడ్డకు 2000 కన్నా తక్కువైతే తీసుకోకండి, 3000 ఉంటే నిశ్చింత. అడుగుగుడ్డకు 5000 కావాలి, ఎందుకంటే మోకాలు, మోచెయ్యి ఆనిన చోట ఒత్తిడి వాన బొట్టుకన్నా చాలా ఎక్కువ. ఈ అంకెలు కొత్త గుడ్డవి, ఎండకు ఏటేటా తగ్గుతాయి.

మేకులు లేచిపోతున్నాయి

టెంటుతో వచ్చే సన్నటి జానెడు ఇనుప కడ్డీలు పచ్చిక నేలకు చేసినవి. ఓడలరేవు, పేరుపాలెం ఇసుకలో చేత్తో లాగినా వస్తాయి. వానకు నానిన ఒండ్రులో కూడా అంతే, పొద్దున గట్టిగా ఉన్న మేకు రాత్రికి వెన్నలో పెట్టినట్టు వదులవుతుంది.

ఇసుకలో మేకు మానేసి బస్తా పాతండి. ఖాళీ సిమెంటు సంచిలో సగం దాకా ఇసుక నింపి, మూతి కట్టి, నడుముకు తాడు కట్టి, అడుగున్నర లోతు గోతిలో అడ్డంగా పడుకోబెట్టి పూడ్చి తొక్కండి. తాడు టెంటు వైపు ఏటవాలుగా పైకి రావాలి. నాలుగు మూలలకూ, గాలి కొట్టే వైపు నడిమికీ, మొత్తం అయిదు సంచులు చాలు. ఒండ్రు నేలలో ముప్పై నలభై సెంటీమీటర్ల వి-ఆకారపు మేకులు, తల టెంటుకు అవతలి వైపు వాలేలా దిగ్గొట్టాలి. తాడుకూ మేకుకూ మధ్య సుమారు లంబకోణం రావాలి. ఇనుప రాడ్లు ముక్కలు కొట్టించి వాడితే పైకి తేలిన మొనకు ఖాళీ బోండాం బోర్లించండి, చీకట్లో పిల్లల కాళ్లకు అదే రక్ష.

టెంటు ఇరుకు వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి చాటున ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్యం అని మొదటి లెక్క. సముద్రం ఒడ్డున మధ్యాహ్నం తిరిగే గాలిని కూడా చూసుకోండి. కొబ్బరిచెట్టు నీడ ఎంత ఊరించినా దాని కింద వద్దు. కాయ, ఎండు మట్ట రెండూ గాలికి రాలేవే. తాడు కట్టుకోవడానికి మాత్రం కొబ్బరి మొదలు కన్నా మంచి గుంజ లేదు, చెట్టు దూరంగా ఉంటే చాలు. ఇక నీళ్లు పోవడానికని టెంటు చుట్టూ కాలవ తవ్వే అలవాటు చాలామందికి ఉంది. ఏటిగట్టు మీద ఆ పని చేయకండి, వరదలో గట్టు తెగేది అలాంటి గాట్ల దగ్గరే.

ఫ్రేము మొరాయిస్తోంది

గొడుగులా తెరుచుకునే రకంలో పైనున్న హబ్ (కాళ్లన్నీ కలిసే బిళ్ల) క్లిక్కుమనకపోతే బలవంతంగా నొక్కకండి. చాలాసార్లు ఒక కాలు మోకాలి దగ్గర పూర్తిగా చాచుకోకపోవడమే కారణం. నాలుగు కాళ్లూ చాచాక తాడు లాగండి. హబ్ ప్లాస్టిక్‌ది కాబట్టి అది పగిలితే దారిలో బాగయ్యే పని కాదు, విడిగా అమ్ముతారో లేదో కొనేముందే అడగండి.

కాళ్లు ఒకదాంట్లోకి ఒకటి జారే క్యాబిన్ రకంలో ఇసుక దూరితే బిగుసుకుంటాయి. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, సిలికాన్ స్ప్రే కొట్టండి. నూనె వద్దు, ఇసుకను ఇంకా పట్టుకుంటుంది. ఈ రకంలో గోడలు నిటారుగా ఉండి నిలబడి బట్టలు మార్చుకోవచ్చు, కానీ గాలికి తెరచాపలా నిలుస్తాయి. కుటుంబానికి వానాకాలంలో గొడుగు రకం, గుండ్రటి వీపుతో, అయిదున్నర అడుగులకు మించని ఎత్తుది తీసుకోవడమే మా మాట.

ఫైబర్‌గ్లాస్ పుల్ల చీలితే వట్టి చేత్తో పట్టుకోకండి, ముల్లులా దిగుతుంది. చీలిక మీదికి లోహపు గొట్టం ముక్క తొడిగి, రెండు చివర్లా టేపు చుట్టండి. గొట్టం లేకపోతే వెదురు బద్దలు రెండు ఇరువైపులా పెట్టి కట్టినా ఆ రాత్రి గడుస్తుంది.

విసిరితే తెరుచుకునే రింగు టెంటును మళ్లీ మడవలేకపోతే తడిగా ఉన్నప్పుడు కుస్తీ పట్టొద్దు. రింగులన్నీ ఒక చోటికి చేర్చి, నిలబెట్టి, పైభాగాన్ని ముందుకు వంచి ఎనిమిది అంకెలా తిప్పితే రెండు చుట్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇంట్లోనే మూడుసార్లు సాధన చేయాలి.

జిప్ పట్టేస్తోంది, దోమలు దూరుతున్నాయి

ఉప్పు, ఇసుక. మంచినీళ్లు, పాత టూత్‌బ్రష్, ఆరాక కొవ్వొత్తి రుద్దడం. జిప్ మూసినా పళ్లు విడిపోతుంటే స్లైడర్ వదులైంది, పట్టకారుతో రెండు వైపులా కొంచెం నొక్కండి. కాలవల పక్కన దోమతో పాటు అంతకన్నా చిన్న పురుగులూ వస్తాయి కాబట్టి జాలీ కళ్లు సన్నగా ఉండాలి. చిల్లు పడితే సూదీ దారమే వైద్యం.

నలుగురి టెంటులో నలుగురు పట్టడం లేదు

మనిషికి అరవై సెంటీమీటర్లే లెక్కవేస్తారు, సంచులకు చోటు ఇవ్వరు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉంటే ఆరుగురిది చూడండి. స్టవ్వు మాత్రం లోపల ఎప్పుడూ వెలిగించకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఎప్పుడు మానుకోవాలి

అల్పపీడనం వరకు పై జాగ్రత్తలతో ఉండొచ్చు. వాయుగుండమైతే గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండానికి 61 దాకా, ఆపైన తుఫాను. వాయుగుండం అన్న మాట వినగానే ఇంటికి వెళ్లిపోండి. లంకల్లో అయితే ధవళేశ్వరం నీటిమట్టం కూడా చూడాలి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. చాలా లంకల దారులు మొదటి హెచ్చరికకు ముందే మునుగుతాయి కాబట్టి దానికోసం ఆగడం తప్పు. పాయల మొగల దగ్గర పోటు రోజుకు రెండుసార్లు, ముందు రోజుకన్నా దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమి, అమావాస్యలకు ఇంకా పైకి ఎక్కుతుంది. ఉరిమితే టెంటు రక్షణ కాదు, పక్కా ఇల్లో, తలుపులు మూసిన కారో కావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

గుడ్డ జిగటగా, ముక్కవాసనగా ఉంది

తడిగానే సంచిలో కుక్కితే బూజు రెండు రోజుల్లోనే మొదలవుతుంది. వేడి, తేమ కలిసి పీయూ పూతను విరగ్గొడతాయి, అప్పుడు లోపలివైపు చేతికి బంకలా అంటుకుంటుంది. ఆ దశ వస్తే సీలర్‌తో బాగవదు, టెంటు మార్చాల్సిందే. రాగానే మంచినీళ్లతో ఉప్పు కడిగి, నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరేయండి. సబ్బుపొడి, బ్లీచింగ్ వాడితే పూత పోతుంది. బిగుతైన సంచిలో కాకుండా వదులుగా, అటక మీద వేడిలో కాకుండా చల్లటి గదిలో ఉంచండి. నాలుగు నెలలకోసారి బయటికి తీసి మడత మార్చి పెట్టండి.