ఆటిజం ఉన్న పిల్లవాడికి క్షవరం: బయలుదేరే ముందు జాగ్రత్తలు

- ఆదివారం రద్దీ, మంగళవారం చాలా దుకాణాలకు సెలవు. బుధవారం పొద్దున్నే మొదటి బేరంగా వెళ్లండి.

- ముందురోజే దుకాణంవారితో మాట్లాడండి: టీవీ ఆపాలి, తలమీద నీళ్లు చల్లకూడదు, మెషీన్ వద్దు, కత్తెర చాలు. విసుక్కుంటే దుకాణం మార్చండి. బతిమాలడం దేనికి?

- మావాడికి కత్తెర చప్పుడు కన్నా మెడమీద పడే వెంట్రుక ముక్కే పెద్ద గండం. గొంతు దగ్గర బిగించే జారుడు గుడ్డను అసలే ఓర్చుకోలేడు. అందుకని వాడి పాత నూలు చొక్కానే వెనక్కి తిప్పి తొడుగుతాం. వెంట్రుకలు దులపడానికి మెత్తటి బ్రష్, మార్చడానికి ఇంకో చొక్కా సంచిలో ఉండాలి.

- కుర్చీ, అద్దం, కత్తెర, చివర ఇల్లు: ఈ ఫోటోలను మూడు రోజుల ముందు నుంచి అదే వరుసలో చూపించండి. తిరుగుదారిలో కూరగాయలు కొనే ఆలోచన ఉంటే మానుకోండి, ఆ ఫోటో వరుసలో లేదు.

- ఆకలి, నిద్ర తీరాకే బయలుదేరాలి.

- “ఏమీ కాదు” అనకండి. అవుతోంది కాబట్టే ఏడుస్తున్నాడు. “ఇంకా పది కత్తిరింపులు” అని పైకి లెక్కపెట్టండి, పదికి ఆపండి.

- చేతులు అదిమిపట్టి చేయించవద్దు. మేము ఒకసారి సగం తలతోనే ఇంటికి వచ్చాం. మిగతా సగం శుక్రవారం అయింది.